పిట్టకిచ్చిన మాట

ఇప్పుడు కొత్త లారీలెక్కే తమ్ముళ్లను చూస్తే నాకు ముచ్చటేస్తుంది, కొంచెం జాలి కూడా కలుగుతుంది. మీ బండికి ఒంట్లో బాగాలేకపోతే డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. మీరు ఫోను చేస్తారు. ఒకాయన వచ్చి వైరు గుచ్చి, రోగం పేరు చదివి చెప్పి పోతాడు. బండికీ మీకూ మధ్య ఒక్క ముక్క మాట ఉండదు. మా లారీ అట్లా కాదు, అది మాట్లాడేది. ఎంత మాట్లాడేదంటే, ఆ ఎండాకాలం మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి ఇంటిల్లిపాదీ గొంతులు తగ్గించుకొని, అదేమంటుందోనని చెవులు అటువైపే పెట్టి కూర్చునేవాళ్లం.

నడుము అరిగి స్టీరింగు వదిలేశాను గానీ నాకు వయసేమీ మీద పడలేదు. జుట్టు సగానికి సగం నల్లగానే ఉంది. మిగతా సగాన్ని తెల్లగా చేసింది ఆ లారీయే. దాని సంగతి చెప్తాను. పెంచి చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. మీరు చదువుతూ ఎక్కడికక్కడ సగం కోసేసుకోండి, నేనేమీ అనుకోను. ఒక్కచోట మాత్రం కోయొద్దు. ఆ చోటు వచ్చినప్పుడు నేనే చెప్తాను.

లారీ నాదీ మా బావదీ. బావంటే మా అక్క పెనిమిటి. సిరిసిల్లలో అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. మా ఇంటికీ పక్కనున్న సాంచాల షెడ్డుకూ మధ్య కొంత ఖాళీ జాగా ఉండేది. సాంచాలంటే మరమగ్గాలు. అవి ఆడుతున్నంతసేపు మా గోడలు వణుకుతాయి, గిన్నెల్లో చారు వణుకుతుంది, మా ఇంటికొచ్చిన చుట్టాల పళ్లు కూడా వణుకుతాయి. ఆ ఖాళీ జాగాలో షెడ్డు గోడ వైపు ముఖం పెట్టి లారీని నిలిపేవాళ్లం. సిరిసిల్ల నుంచి బట్ట బేళ్లు వేసుకొని పోవడం, వచ్చేటప్పుడు కోరుట్ల నుంచి పసుపో జగిత్యాల నుంచి మామిడికాయలో దొరికితే ఎత్తుకోవడం. అదీ మా బతుకు.

మేము కొనేనాటికే ఆ లారీ ముగ్గురు యజమానులను ముసలివాళ్లను చేసి వచ్చింది. కిలోమీటర్లు చూపే మీటరు, ఉన్న అంకెలన్నీ అయిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టి, సగం దారిలో సిగ్గుపడి ఆగిపోయింది. నా అంచనా ప్రకారం అది చంద్రమండలం దాకా పోయి, అక్కడ లోడు దొరకక ఖాళీగా తిరిగొచ్చి ఉంటుంది. ఇంజను ఆయిలు ఎంత పోసినా తాగేది. పొగ ఒక పూట నల్లగా, ఒక పూట తెల్లగా వదిలేది. చేతిబ్రేకు ఉందన్న పేరేగాని దానికీ చక్రాలకూ మాటలు లేక చాలా కాలమైంది. అందుకని ఫస్టు గేరులో వేసి, ముందు చక్రం కింద కట్టెదిమ్మె పెట్టి నిలిపేవాళ్లం.

కోరుట్లలో ఒక మెకానిక్కు ఉండేవాడు. నాకు చిన్ననాటి దోస్తు. నేనొక్కణ్నే పోతే చాయ్ తాగించేవాడు, లారీతో పోతే షట్టరు దించేవాడు. అందుకే మా బండి రోగాలన్నిటికీ ఇంటి దగ్గరే వైద్యం. బావ పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకొని, కళ్లు మూసుకునేవాడు. సాంచాలు నడిపి నడిపి ఎదిగిన చెవులవి. “మూడో సిలిండరు దగ్గుతున్నది రా బామ్మర్ది,” అనేవాడు. విప్పి చూస్తే మూడోదే దగ్గుతుండేది.

బావకు ఒక పిచ్చి అలవాటు ఉండేది. డీజిలు ట్యాంకు కింద చిన్న ఇత్తడి నల్లా ఉంటుంది. దాన్ని అడ్డంగా తిప్పితే ఇంజనుకు డీజిలు పోదు. ట్యాంకు విప్పినప్పుడు తప్ప ఏ డ్రైవరూ దాని ముఖం చూడడు. బావ మాత్రం లారీ ఇంటికి చేరిన ప్రతిసారీ వంగి దాన్ని బంద్ చేసేవాడు. ఎప్పుడో కుర్రతనంలో ఎవరి బండిదో పైపు పగిలి డీజిలంతా నేలపాలైందట. అప్పటినుంచి అది కట్టకపోతే ఆయనకు ముద్ద దిగదు.

ఆయన రాక ఎట్లా ఉండేదంటే, సందు మలుపులో హారను. రెండు పొట్టివి, ఒక పొడుగుది. అక్క చెంబుతో నీళ్లు పట్టుకొని గడపలోకి వచ్చేది.

“బంద్ చేసినవా?”

“చేసిన తియ్యి.”

కాళ్లు కడుక్కొని అన్నానికి కూర్చునేవాడు. పెళ్లయిన కాడినుంచి మొగుడూ పెళ్లాల మధ్య నేను విన్న ప్రేమసంభాషణ ఇదొక్కటే. “బావా, మీ ఇద్దరి ముచ్చట్ల ఆ నల్లా లేకుంటే మీరు మూగోళ్లు,” అని ఎగతాళి చేసేవాణ్ని. నేను తోలిన రోజుల్లో నల్లా జోలికి పోయేవాణ్నే కాదు.

ఒక చలికాలం మధ్యాహ్నం బావ అట్లాగే వచ్చాడు. హారను కొట్టాడు, నల్లా కట్టాడు, కాళ్లు కడిగాడు, తిన్నాడు, మంచం మీద ఒరిగాడు. సాంచాల వాళ్లు అన్నాలు తిని మళ్లీ పనిలో దిగిన మోతకు కూడా లేవలేదు. అక్క పోయి కదిపి చూసింది.

దినాలు కాకముందే ఎవరో చుట్టాలను తీసుకురావడానికి లారీ తీశాను. కొంచెం దూరం పోయి ఆగిపోయింది. ఎంత సెల్ఫ్ కొట్టినా పలకదు. వంగి చూస్తే నల్లా అడ్డంగా ఉంది. బావ చేతితో చేసిన ఆఖరి పని అది. రోడ్డు పక్కన చక్రానికి ఆనుకొని, పెద్ద మొగోణ్ని, ఎక్కిళ్లు పెట్టి ఏడ్చాను.

ఇక పిట్ట సంగతి. మా దిక్కు దినాలనాడు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, కాకుల కోసం దూరంగా నిలబడతారు. పిట్ట ముట్టిందంటే పోయినాయన తృప్తిగా పోయినట్టు. ముట్టలేదంటే ఆయన మనసులో ఇంకా ఏదో ఉన్నట్టు. అదేమిటో కనిపెట్టి మాటివ్వాలి. మాట సరైనదైతే పిట్ట వాలుతుంది. అప్పటిదాకా ఎవరికీ అన్నం లేదు.

మానేరు ఒడ్డున విస్తరి వేశాం. మటను, ఉడకబెట్టిన గుడ్లు, కల్లు, బీడీకట్ట. కాకులు వచ్చాయి. సిరిసిల్ల జిల్లాలో ఉన్నవీ, జగిత్యాల జిల్లా నుంచి పనిగట్టుకొని వచ్చినవీ అన్నీ ఒడ్డున వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ ముందుకు అడుగేయలేదు. ఎండ నెత్తికెక్కింది. మటను వాసన మా మనుషుల ముక్కులకెక్కింది.

“నీ పెండ్లాన్ని మంచిగ చూసుకుంటమే!” అని ఒక పెద్దాయన అరిచాడు. కాకి కదల్లేదు.

“గద్దెమీద కూసోబెట్టి సాదుతమే!” అన్నాడు ఇంకొకాయన. కాకి మెడ గోక్కుంది.

ఒక ముసలామె నా వీపు మీద ఒక్కటి చరిచింది. “నీ బావకు పెండ్లాం మీద యాడిది రా ప్రేమా పావురం? లారీ ముచ్చట చెప్పు!”

ఆకలికి కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. వెనకా ముందూ చూసుకోలేదు. “బావా! నీ లారీని ఎవలికీ అమ్మ! నేనున్నన్ని రోజులు అమ్మ!” అని మానేరు అవతలి గట్టుకు వినపడేలా అరిచాను.

ఆ మాట పూర్తి కాకముందే ఒక కాకి దిగింది. మటను వంక చూడలేదు, గుడ్డు వంక చూడలేదు. నేరుగా పోయి బీడీ ఒకటి ముక్కున కరుచుకుంది. బావ బతికుండగా అన్నానికి ముందు ఒక బీడీ తాగేవాడు. జనమంతా ఒక్కసారి చేతులు జోడించారు. నాకు మాత్రం ఆ ఎండలో వీపు మీద చన్నీళ్లు పోసినట్టయింది. చావడానికి సిద్ధంగా ఉన్న లారీని చచ్చేదాకా భరిస్తానని ఊరందరి ముందూ కాకికి మాటిచ్చాను.

అక్క అన్నం మానేసింది. మానేసిందంటే శపథమేం కాదు. కూర్చునేది, కలిపేది, ముద్ద గొంతులోకి పోక లేచేది. డాక్టరు సెలైను ఎక్కించాడు, టానిక్కులు రాశాడు. “మందులతోని కాదు, తింటేనే మనిషి నిలుస్తది,” అన్నాడు. చలికాలం పోయేసరికి అక్కకు ఎముకలూ చీరా మిగిలాయి. మా ఆవిడ బతిమాలేది, తిట్టేది, ఏడ్చేది. “ఎవలొచ్చిండ్రని తినాలె పిల్లా?” అని మాత్రం అనేది అక్క.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం సాంచాల వాళ్లు అన్నాలు తిని, అన్నీ ఒక్కసారి మొదలుపెట్టారు. నేల అదిరింది. ఆ అదురులోంచి హారను వినిపించింది. రెండు పొట్టివి, ఒక పొడుగుది.

నేను ఇంట్లో మంచం మీద ఉన్నాను. లారీ తాళంచెవి గోడకు వేలాడుతున్న నా అంగీ జేబులో ఉంది. మా ఆవిడ చేతిలో గరిటె అట్లాగే నిలిచిపోయింది. బయటికి పోయి చూశాను. తలుపులకు తాళం ఉంది. అద్దంలోంచి చూస్తే డ్రైవరు సీటు ఖాళీ. సీటు మీద ఎండ ఒక్కటే కూర్చొని ఉంది.

వెనక చప్పుడైతే తిరిగాను. గడపలో అక్క, చేతిలో చెంబు.

“బంద్ చేసినవా?” అని అడిగింది, నన్ను కాదు.

కొంచెంసేపు ఆగింది. ఎవరో జవాబు చెప్పినంతసేపు. తలూపి లోపలికి పోయింది. రెండు కంచాల్లో అన్నం పెట్టింది. ఒకటి తెచ్చి లారీ ముందు, బంపరు కింద నీడలో పెట్టి, గోడకు ఆనుకొని కాసేపు కూర్చుంది. తర్వాత లోపలికి వచ్చి రెండో కంచంలో అన్నం తిన్నది. పిడికెడు కాదు, కంచెడు.

మా ఆవిడ నా భుజం పట్టుకొని గిచ్చింది. ఆ గిచ్చుడు గుర్తు ఇంకా ఉంది.

అప్పటినుంచి అదే వరస. సాంచాలు మొదలవ్వాలి, హారను కొట్టాలి, అక్క తినాలి. కొట్టని రోజు తినదు. ఈ హారనుకూ బావ కొట్టుడుకూ వెంట్రుకవాసి తేడా ఉందని నాకు అనిపించేది. పొడుగుది ఆయన కొట్టినంత పొడుగు కాదు. అక్క ఒప్పుకోలేదు. “ఎండల అలిసిపోయి వస్తడు, చెయ్యిల సత్తువ ఉండాలె గద తమ్మీ,” అంది.

మెకానిక్కు దోస్తును బతిమాలి కోరుట్ల నుంచి పిలిపించాను. వచ్చాడు, హారను విన్నాడు, లారీకి పది గజాల దూరంలో ఆగిపోయాడు.

“ఎక్కి చూడరాదు?” అన్నాను.

“నేనెందుకెక్కుత? డ్రైవరున్న బండి నేనెక్క.”

“ఎవడున్నడు రా అండ్ల?”

“అరేయ్, మీ బావకు నేను అప్పట్ల ఒక తప్పుడు బేరింగ్ ఏసిచ్చిన. గిప్పుడు ఆయన చేతికి దొరకాల్నా? నువ్వే చూస్కో, నీకు చుట్టం.” చాయ్ కూడా తాగకుండా బస్సెక్కాడు.

ఇక నేనే చూసుకోవాలి. తమ్ముళ్లూ, బండి రోగం దొరకనప్పుడు అది ఎప్పుడొస్తుందని కాదు, ఎప్పుడు రాదని చూడాలి. ఇరవై ఏళ్ల స్టీరింగు నాకు నేర్పిన పాఠం ఇదొక్కటే. మబ్బు పట్టిన రోజు హారను కొట్టలేదు. “మబ్బుల ఆయనకు తలకాయ నొస్తది, పండుకుంటడు,” అంది అక్క. కరెంటు పోయిన రోజూ కొట్టలేదు. “ఫ్యాను లేని ఇంటికి ఎందుకొస్తడు?” అంది. దెయ్యాల శాస్త్రంలో మా అక్క దగ్గర లేని జవాబు లేదు.

నా జవాబు వేరు. మబ్బుంటే ఎండ లేదు. కరెంటు లేకుంటే సాంచాలు లేవు. అంటే ఎండా, అదురూ రెండూ కలిస్తేనే హారను.

అక్క గుడికి పోయిన పొద్దున ఒకటి చూసి స్టీరింగు కింది మూత విప్పాను. లోపల వైర్లన్నీ కలిసి, నూనె పెట్టని ముసలమ్మ జడలా చిక్కుపడి ఉన్నాయి. హారను వైరు మీద తొడుగు కరిగి రాగి బయటపడింది. పొద్దంతా ఎండకు క్యాబిను పెనంలా కాలి, ఆ తొడుగు మెత్తబడుతుంది. సాంచాలన్నీ ఒక్కసారి మొదలైన అదురుకు రాగి పోయి ఇనుముకు తగులుతుంది, విడుతుంది, తగులుతుంది. పాత బండికి హారను కొట్టడానికి తాళంచెవి అక్కర్లేదు. అంతే సంగతి. బావా లేడు, కాకీ లేదు. జేబులోంచి నల్లటేపు తీశాను. రెండు చుట్లు చుడితే అయిపోతుంది.

అప్పుడే అక్క గుడి నుంచి వచ్చి వాకిట్లో రెండు కంచాలు కడుగుతున్న చప్పుడు వినిపించింది. బూడిద వేసి, గట్టిగా తోముతూ, ఏదో కూనిరాగం తీస్తోంది. చలికాలం నుంచీ ఆ గొంతులో రాగం అన్నది లేదు.

టేపు మళ్లీ జేబులో పెట్టుకున్నాను. మూత బిగించి దిగాను.

“దొరికిందా?” అడిగింది మా ఆవిడ.

“దొరికింది.”

“బాగు చేసినవా?”

“చెయ్యలే.”

వాకిట్లోకి ఒకసారి చూసి, “మంచి పని చేసినవు,” అంది.

రోగం తెలిశాక దెయ్యం భయం పోవాలి కదా. పోలేదు. ఎందుకు కొడుతుందో తెలిసి కూడా, ఆ పూట వచ్చేసరికి నా చెవులు నిక్కబొడుచుకునేవి. హారను ఆగిన తర్వాత అక్క గడపలో నిలబడి వింటూ తలూపేది చూడండి, దానికి ఏ వైరూ కారణం కాదు.

ఆ చిక్కుజడలో నేను హారను వైరునే చూశాను. దాన్ని పెనవేసుకొని పక్కనే పోతున్నది సెల్ఫ్ వైరని, దాని తొడుగు కూడా కరుగుతున్నదని చూడలేదు. హారను వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. అది పోయి సెల్ఫ్ వైరును తాకిందంటే, తాళంచెవి తిప్పినట్టే. కొత్త బండ్లకు ఆ ప్రమాదం లేదు. పాత డీజిలు ఇంజనుకు ఒకసారి సెల్ఫ్ తిరిగితే చాలు, దాన్ని నడపడానికి మనిషి అక్కర్లేదు. గేరులో నిలిపిన బండైతే నడిచి కూడా పోతుంది.

అది జరిగిన రోజు పొద్దున్నే కోరుట్లలో బట్ట బేళ్లు దించి, చందుర్తి మీదుగా ఖాళీ బండితో ఇంటికొచ్చాను. ఎప్పటిలాగే గోడవైపు నిలిపాను, ఫస్టు గేరు వేశాను, చక్రం కింద దిమ్మె పెట్టాను. తలుపులకు తాళం వేశాను. ఇంట్లోకి పోయి తిని, ఒక నిద్ర తీసి, స్నానానికి లేచేసరికి ఎండ నిలువునా ఉంది.

ఆ రోజు అక్క హారను కంటే ముందే బయల్దేరింది. చేపల కూర వండింది, బావకు ఇష్టం. సాంచాల వాళ్లు ఇంకా మొదలుపెట్టకముందే కంచం పట్టుకొని పోయి, బంపరుకూ షెడ్డు గోడకూ మధ్య నిలబడింది.

నేను ఒంటి నిండా సబ్బుతో ఉన్నాను. సాంచాలు మొదలయ్యాయి. హారను మొదలైంది. కాని రెండు పొట్టివి లేవు. ఒకటే పొడుగుది, ఆగకుండా. దాని వెనకే ఇంకో చప్పుడు. గర్ర్ గర్ర్ మని సెల్ఫ్ తిరుగుతున్న చప్పుడు. ఆ చప్పుడు నేను చచ్చి బూడిదైనా గుర్తుపడతాను.

నడుముకు తువ్వాలు, కళ్లలో సబ్బు. అట్లాగే ఉరికాను. నేను వాకిట్లోకి వచ్చేసరికి ఇంజను అందుకుంది. తాళం వేసిన క్యాబిను, లోపల ఎవరూ లేరు, స్టీరింగు మాత్రం ఇటూ అటూ ఊగుతోంది. తాళంచెవి ఇంట్లో అంగీ జేబులో ఉంది. ఏనుగంత లారీ, ఎవరో నిద్రలేపితే బద్ధకంగా లేచినట్టు లేచి, దిమ్మె మీదికి ఎక్కి అటువైపు దిగింది. అక్కకు వెనక గోడ. ముందు బంపరు. పక్కకు రెండడుగులు వేస్తే బతుకుతుంది.

“అక్కా! పక్కకు జరుగే!” అని అరిచాను. సాంచాల మోతలో నా అరుపు నాకే వినపడలేదు.

అక్క జరగలేదు. ఆమె బంపరు వంక చూడటం లేదు. తలెత్తి డ్రైవరు సీటు వంక చూస్తోంది. ముఖంలో భయం లేదు. బువ్వకు ఆలస్యంగా వచ్చినవాణ్ని చూసినట్టు చూస్తోంది. ఆ అద్దంలో ఆమెకేం కనపడిందో నేను ఎప్పుడూ అడగలేదు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

“బంద్ చేసినవా?” అంది.

మెల్లగానే అంది. నా అరుపును మింగేసిన మోతలో ఆ మాట నాకెట్లా వినిపించిందో తెలీదు, కానీ వినిపించింది.

ఇంజను ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగిపోయింది.

బంపరుకూ అక్కకూ మధ్య కంచం మందం జాగా ఉంది. కంచం అంచు సొట్టపోయింది. చేపముక్క ఒకటి కింద పడింది.

మా ఆవిడ ఉరికొచ్చి అక్కను రెక్క పట్టుకొని గుంజింది. నేను తువ్వాలు జారుతుందా ఉంటుందా అని చూసుకోకుండా బ్యాటరీ వైరు పీకి పారేశాను. అక్క ఒక్కతే మామూలుగా ఉంది. గడపలో కూర్చుంది. చేతిలో ఉన్నది బావ కంచం. ఇన్నాళ్లూ అందులో మెతుకు ముట్టేది కాదు, సాయంత్రం కాకులకు వేసేది. ఆ రోజు దాన్నే ఒళ్లో పెట్టుకొని కలిపింది.

“అన్నం సల్లారిపోతది,” అని, ముళ్లు ఏరుకుంటూ మొత్తం తినేసింది.

మరునాడు నా దోస్తు వచ్చాడు. ఈసారి పిలవకుండానే వచ్చాడు. అక్కకు అతనూ తమ్ముడే. వైర్లన్నీ కోసేసి కొత్తవి వేశాం. సెల్ఫ్ ఎందుకు తిరిగిందో తేలింది. ఇంజను ఎందుకు ఆగిందో తేలలేదు. నడుస్తున్న ఇంజను దానంతటది ఆగదు. వెతుకుతూ వెతుకుతూ ట్యాంకు దగ్గరికి వంగిన మా వాడు అక్కడే ఉండిపోయాడు.

“ఇటు రా,” అన్నాడు, గొంతు తగ్గించి.

నల్లా అడ్డంగా ఉంది. పైపులో మిగిలిన కాసిన్ని డీజిలు చుక్కలతో అంతదూరం నడిచి, అవి అయిపోయి ఆగింది ఇంజను.

“నువ్వు కట్టినవా?”

“నేనెన్నడన్న కట్టిన్నా?”

“రోడ్డు గుంతలకు అదే పడ్డట్టున్నది,” అన్నాడు. నల్లా తిప్పబోయాడు. కదల్లేదు. పట్టకారు వేశాడు. జారింది. నేనూ చెయ్యి వేశాను. ఇద్దరం కలిసి, పట్టకారుకు పైపు తొడిగి, పళ్లు బిగబట్టి తిప్పితే కిర్రుమని కదిలింది.

మా వాడు పనిముట్లు సంచిలో వేసుకొని, పోయి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. తర్వాత లారీ వైపు తిరిగి, “బావా, ఆ బేరింగ్ సంగతి మనసుల పెట్టుకోకు,” అన్నాడు.

ఇదే ఆ చోటు, తమ్ముళ్లూ. కోయొద్దన్నది ఇక్కడే. ఆ పొద్దున కోరుట్ల నుంచి బండి నడిచి వచ్చింది, అంటే నల్లా తెరిచే ఉంది. నేను కట్టలేదు. మా ఆవిడకు అది ఎక్కడుంటుందో తెలీదు. అక్కను అడిగాను. “అది మొగోళ్ల పని. నేనెన్నడు ముట్టలే. అడుగుడొక్కటే నా పని,” అంది. అన్నిటికీ గాలి కొట్టి చెప్పినవాణ్ని, దీనికి మాత్రం కొట్టలేదు. కొట్టేదాకా ఎందుకు, కొంచెం గాలి తీసి చెప్పగలిగితే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

కొత్త వైర్లు వేశాక హారను మళ్లీ దానంతటది కొట్టలేదు. అక్క తింటూనే ఉంది. కొన్నాళ్లకు తనే అంది, “లారీ ఇచ్చేద్దాం తమ్మీ.”

“పిట్టకు మాటిచ్చిన గదనే. ఊరంత విన్నది.”

“నువ్వు అడగకు. నేనడుగుత.”

ఏడాది మాసికానికి మళ్లీ మానేరు ఒడ్డుకు పోయాం. అవే కాకులు, అదే వరస. అక్క విస్తరి పెట్టి, కొంగు సర్దుకొని, పక్కింటివాళ్లతో మాట్లాడినట్టు అంది: “బండి ముసల్దైంది. ఇచ్చేస్తున్నం. నువ్వు గూడ దిగు ఇగ.”

కాకి విస్తరి మీద వాలింది. ఈసారి బీడీ ముట్టలేదు. అన్నం తిన్నది.

జగిత్యాల నుంచి తుక్కు కొనేవాళ్లు వచ్చి లారీని ముక్కలు చేసి తీసుకుపోయారు. నల్లా ఒక్కటి విప్పి ఉంచుకున్నాను. బీరువా మీద ఉంది. అప్పటినుంచి నేను స్టీరింగు పట్టలేదు, మా జాగాలో ఏ బండీ నిలపలేదు.

ఇప్పుడు మా ఇంట్లో కట్టడానికి మిగిలింది గ్యాసు సిలిండరు నల్లా ఒక్కటే. మధ్యాహ్నం వంటయ్యాక చూసి కట్టే డ్యూటీ నాది. అక్క లోపల్నుంచి అడుగుతుంది, “బంద్ చేసినవా?” అని. నేను లేచి, నడుము పట్టుకొని, వంటింట్లోకి పోయి వంగుతాను. అప్పటికే కట్టి ఉంటుంది. మా ఆవిడ వదినె కట్టిందనుకుంటుంది, అక్క మరదలు కట్టిందనుకుంటుంది. పక్కన సాంచాలు అప్పుడే మొదలవుతుంటాయి.

“చేసిన తియ్యి,” అంటాను.

నేను చేయలేదు. ఈ ముక్కను కూడా కోయకండి.